మస్టాంగ్, కమారో, ఛాలెంజర్: అమెరికా మజిల్ కార్ల పోటీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అరవై ఏళ్ళుగా నడుస్తున్న పోటీ ఇది. ఫోర్డ్ మస్టాంగ్ దింపితే జనరల్ మోటార్స్ వాళ్ళ షెవ్రొలే కమారోతో జవాబిస్తుంది, వెనకాలే క్రైస్లర్ వాళ్ళ డాడ్జ్ ఛాలెంజర్‌తో వచ్చి కలుస్తుంది. ఏ కారు ఎన్ని సెకన్లలో అరవై మైళ్ళ వేగం అందుకుంటుందన్న లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. జనం చివరికి ఏది కొన్నారు, ఎందుకు కొన్నారు అన్నదే నాకు ముఖ్యం అనిపిస్తుంది. కింది సమాధానాలు ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న మనవాళ్ళకి పనికొచ్చే ప్రశ్నలు రెండో సగంలో ఉన్నాయి.

అసలు మజిల్ కార్ అని దేన్ని అనాలి?

మధ్యస్థాయి కుటుంబ కారులో పెద్ద కార్ల కోసం చేసిన ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ బిగించి, మామూలు ఉద్యోగస్థుడు కొనగలిగే ధరకి అమ్మితే అది మజిల్ కార్. రెండు తలుపులు, వెనక చక్రాలకి శక్తి, పైకి సాదాసీదా బాడీ. ఎక్కువమంది దీనికి మొదటి కారుగా చెప్పేది 1964 పాంటియాక్ జీటీఓ. ఆ సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో అప్పట్లో కట్టుబాటు ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజినీర్ జాన్ డిలోరియన్ బృందం 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ని టెంపెస్ట్ కారుకి ఒక ఆప్షన్‌గా చూపించి ఆ కట్టుబాటుని దాటేసింది. ఐదు వేలు అమ్మితే గొప్ప అనుకున్నారు. మొదటి ఏడాదే 32 వేలు దాటింది.

మస్టాంగ్, కమారోలు సైజులో ఇంకా చిన్నవి కాబట్టి వాటిని పోనీ కార్లని విడిగా లెక్కపెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఈరోజు కొనేవాళ్ళెవరూ ఆ తేడా పట్టించుకోవడం లేదు, నేనూ ఇక్కడ అన్నిటినీ కలిపే మాట్లాడుతున్నాను. కార్వెట్ మాత్రం రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, అది ఈ పోటీలోకి రాదు.

మస్టాంగ్‌కి పోటీగా కమారో ఎందుకు వచ్చింది?

ఫోర్డ్ సంపాదిస్తున్న డబ్బు చూసి. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో మస్టాంగ్‌ని 2,368 డాలర్ల ధరతో విడుదల చేశారు. మొదటి రోజే 22 వేల ఆర్డర్లు, ఏడాది తిరిగేసరికి నాలుగు లక్షలకి పైగా అమ్మకాలు. బాడీ కింద ఉన్నవి చాలావరకు ఫాల్కన్ అనే చవక కారు భాగాలే. కానీ ముందు పొడవైన బానెట్, వెనక పొట్టి డిక్కీ, పేజీల కొద్దీ ఆప్షన్లు. ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో ఆఫీసుకి వెళ్ళే టైపిస్టుకీ, వీ8 కావాలనే కుర్రాడికీ అదే కారు సరిపోయింది.

క్రైస్లర్ వాళ్ళదే అయిన ప్లిమత్ బారకూడా దానికి రెండు వారాల ముందే వచ్చింది. ముందు నుంచి చూస్తే మాత్రం మామూలు వేలియంట్ కారులాగే కనిపించేది, అందుకే ఆ ఊపు రాలేదు. జనరల్ మోటార్స్ తేరుకుని కమారోని షోరూంలో పెట్టేసరికి 1966 సెప్టెంబర్ అయింది.

రేసుల్లో గెలిస్తే అమ్మకాలు పెరిగేవా?

కొన్నిసార్లు. మామూలు కార్లని మార్చి పోటీపడే ట్రాన్స్-ఆమ్ రేసుల్లో ఇంజిన్ ఐదు లీటర్లకి మించకూడదు. దానికోసమే షెవ్రొలే 302 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌తో కమారో జెడ్/28 చేసింది. 1967లో అమ్ముడైనవి 602 మాత్రమే. 1968లోనూ 1969లోనూ రోజర్ పెన్స్కీ జట్టు తరఫున మార్క్ డోనహ్యూ గెలిపించాక, 1969 మోడల్ 20 వేలు దాటింది. రేసు ట్రాక్‌కి చేసిన కారే అయినా రోజూ నడుపుకోవచ్చు, అందుకే రేసు పేరు అమ్మకానికి పనికొచ్చింది. దానికి జవాబుగా ఫోర్డ్ బాస్ 302 మస్టాంగ్ తెచ్చి 1970లో ఆ టైటిల్ పట్టుకుపోయింది.

ప్లిమత్ సూపర్‌బర్డ్ కథ పూర్తిగా వేరు. రేసింగ్ వీరుడు రిచర్డ్ పెటీ 1969లో ఫోర్డ్‌కి వెళ్ళిపోతే, ఆయన్ని వెనక్కి రప్పించడానికి చేసిన కారు అది. ముందు పొడవాటి ముక్కు, వెనక డిక్కీ మీద మనిషి నడుం దాటే ఎత్తులో రెక్క. దాని అన్నలాంటి డాడ్జ్ ఛార్జర్ డేటోనా 1970 మార్చిలో టాలడేగా ట్రాక్ మీద గంటకి 200 మైళ్ళు దాటిన మొదటి నాస్‌కార్ (అమెరికా కార్ల రేసింగ్ సంస్థ) బండి అయింది. పెటీ తిరిగి వచ్చాడు, రేసులూ గెలిచాడు. కానీ రేసు నిబంధనల కోసం తయారుచేసిన దాదాపు 1,900 సూపర్‌బర్డ్‌లలో చాలా డీలర్ల దగ్గర కదలకుండా ఉండిపోయాయి. కొందరు డీలర్లు ఆ ముక్కూ రెక్కా పీకేసి, మామూలు రోడ్ రన్నర్ కార్లుగా మార్చి అమ్ముకున్నారు. ఇప్పుడవే వేలంలో లక్షల డాలర్లు పలుకుతున్నాయి.

1970ల్లో ఒక్కసారిగా ఎందుకు చతికిలబడ్డాయి?

చాలామంది 1973 అక్టోబర్ చమురు సంక్షోభం పేరు చెబుతారు. అది చివరి దెబ్బ. అంతకుముందే ఇన్సూరెన్స్ కంపెనీలు హార్స్‌పవర్ చూసి ప్రీమియం పెంచేశాయి. పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళకి కారు వాయిదా కంటే ఇన్సూరెన్సే భారమైంది, ఈ కార్లు కొనేదేమో వాళ్ళే. 1970 క్లీన్ ఎయిర్ చట్టం వచ్చాక కంపెనీలు సీసం లేని పెట్రోలుకి తగ్గట్టు ఇంజిన్ కంప్రెషన్ తగ్గించాయి, దాంతో శక్తీ తగ్గింది.

కాగితం మీద అంకెలు ఇంకా ఘోరంగా పడిపోవడానికి ఇంకో కారణం ఉంది. 1971 వరకు ఇంజిన్‌ని విడిగా, సైలెన్సర్ లాంటివి లేకుండా పెట్టి శక్తి కొలిచేవాళ్ళు. 1972 నుంచి కారులో బిగించినప్పుడు ఉండే సరంజామా అంతటితో కలిపి కొలవడం మొదలైంది. షెవ్రొలే షెవెల్‌లో వచ్చిన 454 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ ఆ ఒక్క ఏడాదిలో 365 హార్స్‌పవర్ నుంచి 270కి పడింది. అందులో నిజంగా పోయిన శక్తి కొంతే.

1974లో ఛాలెంజర్, బారకూడా ఆగిపోయాయి. ఆ ఏడాది చిన్న సైజులో వచ్చిన మస్టాంగ్-2లో అయితే వీ8 ఆప్షనే లేదు.

మస్టాంగ్ ఒక్కటే ఆగకుండా ఎలా నిలబడింది?

కొనేవాళ్ళు పట్టుబట్టి నిలబెట్టారు. 1980ల మధ్యలో ఫోర్డ్, మస్టాంగ్‌ని తీసేసి దాని స్థానంలో మాజ్దా భాగాలతో, ముందు చక్రాలతో నడిచే కారు పెట్టాలనుకుంది. 1987లో ఆ సంగతి పత్రికకెక్కడంతో ఫోర్డ్ ఆఫీసుకి ఉత్తరాలు వెల్లువెత్తాయి. వీ8 లేని, వెనక చక్రాలతో నడవని బండికి మస్టాంగ్ పేరు పెట్టవద్దన్నది వాళ్ళ డిమాండ్. ఫోర్డ్ దిగొచ్చింది. ఆ మాజ్దా కారు ప్రోబ్ అనే పేరుతో విడిగా వచ్చి కొన్నేళ్ళకి కనుమరుగైంది, మస్టాంగ్ మిగిలింది. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇది. కొనేవాళ్ళ మాటతో ఒక పెద్ద కంపెనీ నిర్ణయం మారడం అరుదు.

2002లో కమారో కూడా ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళు మస్టాంగ్‌కి పోటీయే లేదు. పాత పోలికలతో 2005 మస్టాంగ్ హిట్ అయ్యేసరికి మిగతా ఇద్దరికీ మళ్ళీ ఆశ పుట్టింది. 2008లో ఛాలెంజర్, 2009లో కమారో తిరిగొచ్చాయి.

నడపడానికి కమారోనే బాగుంటుందంటారు. మరి అదే ఎందుకు ఓడిపోయింది?

2016 మోడల్ నుంచి వచ్చిన ఆరో తరం కమారో నిజంగానే మూడింటిలో మేటి. క్యాడిలాక్ ఏటీఎస్ కింద ఉన్న ప్లాట్‌ఫామ్ మీద కట్టారు కాబట్టి బరువు తగ్గింది, మలుపుల్లో మాట విన్నట్టు తిరుగుతుంది. ఎస్ఎస్ మోడల్‌లో 6.2 లీటర్ల వీ8, 455 హార్స్‌పవర్. ట్రాక్ కోసం పదునుపెట్టిన జెడ్ఎల్1 1ఎల్ఈ 2017లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌ని 7 నిమిషాల 16 సెకన్లలో చుట్టొచ్చింది.

కానీ ఒకసారి అందులో కూర్చుని చూడండి. తలుపు మీద కిటికీ అంచు భుజం దాకా వస్తుంది, మోచెయ్యి దాని మీద ఆనించాలంటే చెయ్యి పైకెత్తాలి. పైకప్పు కిందికి ఉంటుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ముందు వరుసలో ఆగితే లైటు చూడ్డానికి మెడ వంచాలి. వెనక్కి తిరిగి చూస్తే చిన్న సందు లాంటి అద్దం తప్ప మిగతాదంతా రేకే. పార్కింగ్ లాట్‌లో రివర్స్ తీసేటప్పుడు కెమెరానే దిక్కు. డిక్కీ 9.1 ఘనపుటడుగులు, దాని నోరు ఇంకా చిన్నది. పెద్ద సూట్‌కేసు లోపల పట్టే చోటున్నా నోట్లోంచి దూరదు.

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూం చుట్టూ పది నిమిషాలు. కమారో గొప్పతనం తెలియాలంటే కొండదారి కావాలి, ఇబ్బంది తెలియడానికి మాత్రం డీలర్ గేటు దాటితే చాలు. 2010 నుంచి 2014 దాకా వరుసగా ఐదేళ్ళు మస్టాంగ్ మీద గెలిచిన కారు, 2015లో కొత్త మస్టాంగ్ లక్షా ఇరవై రెండు వేలు అమ్ముడైతే 77 వేల దగ్గర ఆగింది. మరుసటి ఏడాది ఆరో తరం పూర్తిగా షోరూంలలోకి వచ్చినా 72 వేలకి జారింది. 2021కి 22 వేలకి పడిపోయింది. 2023 డిసెంబర్‌లో తయారీ ఆగింది. తప్పు ఇంజినీర్లది కాదు. మొదటి నుంచీ ఆ కిటికీలని అంత సన్నగా గీయాలని పట్టుబట్టిన డిజైన్‌దే తప్పని నా అభిప్రాయం.

పాతబడిన, బరువైన ఛాలెంజర్‌ని అంతమంది ఎందుకు కొన్నారు?

దానితో రోజులు హాయిగా గడుస్తాయి కాబట్టి. 2008 నుంచి 2023 దాకా అదే ఆకారం, అదే పునాది. వీ8 మోడళ్ళు నాలుగు వేల పౌండ్లకి పైగా తూగుతాయి. మలుపుల్లో మస్టాంగ్‌తో పోల్చనక్కర్లేదు. కానీ వెనక ముగ్గురికి సీటుంది, మిగతా రెండింటిలో ఇద్దరికే. డిక్కీ 16.2 ఘనపుటడుగులు. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు దిగితే ఎయిర్‌పోర్టుకి ధైర్యంగా వేసుకెళ్ళగలిగే మజిల్ కారు ఇదొక్కటే. మంచు పడే రాష్ట్రాల వాళ్ళకి వీ6తో నాలుగు చక్రాల డ్రైవ్ కూడా ఇచ్చారు, ఆ పని ఫోర్డ్, షెవ్రొలే చేయలేదు.

డాడ్జ్ ప్రతి ఏటా కొత్త రంగులూ 1970ల నాటి స్టిక్కర్లూ తెచ్చేది. పనిలో పనిగా హార్స్‌పవర్ పెంచేది. 2018లో కమారోని దాటింది. 2021లో 54,314 అమ్మి, 52,414 దగ్గర ఉన్న మస్టాంగ్‌ని కూడా దాటేసింది. పదమూడేళ్ళ పాత కారు కొత్త కారుని ఓడించిన సందర్భాలు ఈ వ్యాపారంలో ఎక్కువ దొరకవు.

హెల్‌క్యాట్, డీమన్ అంటే ఇంత పిచ్చి దేనికి?

2015 మోడల్‌గా హెల్‌క్యాట్ వచ్చినప్పుడు 6.2 లీటర్ల సూపర్‌ఛార్జ్‌డ్ (గాలిని బలవంతంగా లోపలికి నెట్టే) హెమీ వీ8 ఇంజిన్‌తో 707 హార్స్‌పవర్ ఇచ్చింది, ధర అరవై వేల డాలర్ల దగ్గర. అంతవరకు ఆ శక్తి కావాలంటే ఇటలీ కార్లకి దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. కారుతో రెండు తాళాలు ఇస్తారు. నల్లదానితో స్టార్ట్ చేస్తే 500 హార్స్‌పవరే, ఎర్రదానితోనే మొత్తం శక్తి. ఇంట్లో పిల్లలకో వ్యాలే పార్కింగ్ కుర్రాడికో నల్లది ఇవ్వొచ్చు.

2018 డీమన్ నేరుగా క్వార్టర్ మైలు పరుగు కోసం పుట్టింది. బరువు తగ్గించడానికి డ్రైవర్ సీటు ఒక్కటే ఉంచి, పక్క సీటు కావాలంటే ఒక డాలరు అదనం అన్నారు. ఏసీ గ్యాస్‌ని మనుషుల మీదికి కాకుండా ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని చల్లబరచడానికి మళ్ళించారు. చల్లటి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ, అందుకే శక్తీ ఎక్కువ. రేసు పెట్రోలు మీద 840 హార్స్‌పవర్, క్వార్టర్ మైలు 9.65 సెకన్లు. పది సెకన్ల లోపు పరిగెత్తే కారుకి లోపల ఉక్కు పంజరం తప్పనిసరి, దీనికి అది లేదు. దాంతో డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దీన్ని పోటీలకి రానివ్వనంది. కంపెనీకి అంతకన్నా మంచి ప్రకటన దొరకదు. మొత్తం 3,300 కార్లు అమ్మేశారు. 2023లో చివరిగా వచ్చిన డీమన్ 170 అయితే ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఈ85 ఇంధనంతో 1,025 హార్స్‌పవర్ దాకా వెళ్ళింది.

ఫోర్డ్ 760 హార్స్‌పవర్‌తో 2020 షెల్బీ జీటీ500 తెచ్చింది. ట్రాక్ మీద అది ఎంతో నయం. అయినా మామూలు జనం నోట్లో నానిన పేరు హెల్‌క్యాటే.

నాలుగు సిలిండర్ల మస్టాంగ్ కొంటే తప్పా?

కాదు. 2.3 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో 300 హార్స్‌పవర్‌కి పైగా ఇస్తుంది, హైవే మీద మైలేజీ బాగుంటుంది, ఇన్సూరెన్సూ తక్కువ పడుతుంది. వీ8 శబ్దం మాత్రం రాదు. ఆ శబ్దం కోసమే కొంటున్నట్టయితే, ఏడాది ఆగి డబ్బు కూడబెట్టుకుని వీ8 ఉన్న జీటీ కొనుక్కోవడం మంచిది.

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందు ఆ కారు గుర్తింపు నంబరైన విన్‌తో ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. లైసెన్స్ వచ్చి ఏడాదీ రెండేళ్ళే అయిన వాళ్ళకి ఆ అంకె చూశాక ఆలోచన మారుతుంది. టైటిల్ (యాజమాన్య పత్రం) క్లీన్‌గా ఉందా, పెద్దగా దెబ్బతిన్న కారని గుర్తువేసిన సాల్వేజా అన్నది రెండోది. ఈ కార్లలో యాక్సిడెంట్ అయి బాగుచేసినవి ఎక్కువ.

చల్లటి ఇంజిన్‌ని మీ ఎదురుగానే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్ళేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. డాడ్జ్ హెమీ ఇంజిన్లలో టిక్ టిక్ మనే చప్పుడు పేరుమోసింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగి వస్తే చిన్న పని, లోపల లిఫ్టరో క్యామ్‌షాఫ్టో అరిగి వస్తే పెద్ద ఖర్చు. మెకానిక్‌కి చూపించకుండా డబ్బు ఇవ్వవద్దు. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ట్యూన్ చేయించిన కారైతే కంపెనీ పెట్టిన స్థితిలో ఉన్న ఇంకో కారు వెతుక్కోండి.

టైర్లు కూడా చూడండి. సమ్మర్ టైర్లు ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే గట్టిపడి పట్టు వదిలేస్తాయి. చలికాలం ఉదయం, వెనక చక్రాలకి 450 హార్స్‌పవర్, సిగ్నల్ దగ్గర ఎక్సలేటర్ గట్టిగా తొక్కడం... ఈ మూడూ కలిస్తే కారు గిర్రున తిరుగుతుంది.

దొంగల భయం నిజమేనా?

నిజమే. ఇన్సూరెన్స్ నష్టాల లెక్కలు చూసే హెచ్ఎల్‌డీఐ సంస్థ 2023లో ఇచ్చిన విశ్లేషణ ప్రకారం, నాలుగు తలుపుల డాడ్జ్ ఛార్జర్ హెల్‌క్యాట్ చోరీకి గురయ్యే అవకాశం సగటు కారు కంటే అరవై రెట్లు ఎక్కువ. డాడ్జ్ ఒక సాఫ్ట్‌వేర్ తాళం తెచ్చింది. నాలుగంకెల కోడ్ కొట్టకపోతే ఇంజిన్ 675 ఆర్‌పీఎం దాటదు, మూడు హార్స్‌పవర్ కూడా రాదు. వాడిన డాడ్జ్ కొంటే ఆ అప్‌డేట్ చేయించారో లేదో డీలర్ దగ్గర కనుక్కోండి. రాత్రిపూట వీధిలో పార్క్ చేయాల్సిన అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవాళ్ళు హెల్‌క్యాట్ జోలికి పోకపోవడమే మంచిది.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఇవి కొనగలమా?

మస్టాంగ్ జీటీని ఫోర్డ్ 2016లో ఇండియాలో అధికారికంగా అమ్మింది. ఢిల్లీ ఎక్స్-షోరూం ధర 65 లక్షలు, ఐదు లీటర్ల వీ8, ఆటోమేటిక్ మాత్రమే. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి అమ్మకం ఆగింది. అప్పటివి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తుంటాయి. ఛాలెంజర్, కమారోలని కంపెనీలు ఎడమ స్టీరింగ్‌తోనే చేశాయి. మన దిగుమతి నిబంధనల ప్రకారం కొత్త కారుకి స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఆ పైన భారీ సుంకం. అమెరికా నుంచి వచ్చేస్తూ వెంట తెచ్చుకుందామనే ఆలోచన ఉంటే, అక్కడే అమ్మేసి రావడం మేలు.

ఇప్పుడు పోటీ ఇంకా ఉందా?

వీ8 మజిల్ కార్లలో మస్టాంగ్ ఒక్కటే మిగిలింది. జీటీకి 480 హార్స్‌పవర్, డార్క్ హార్స్‌కి 500. మూడు లక్షల డాలర్లు దాటే మస్టాంగ్ జీటీడీ నూర్‌బర్గ్‌రింగ్‌ని ఏడు నిమిషాల లోపు చుట్టింది. అది కోటీశ్వరుల సరుకు, ఈ కథకి సంబంధం లేదు.

డాడ్జ్ 2024లో ఎలక్ట్రిక్ ఛార్జర్ డేటోనా తెచ్చింది. 670 హార్స్‌పవర్ ఉన్నా 5,800 పౌండ్ల బరువు, స్పీకర్లతో పుట్టించే ఎగ్జాస్ట్ శబ్దం. పాత ఛాలెంజర్ అభిమానులు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత అదే బాడీలో ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో పెట్టి, 550 హార్స్‌పవర్‌తో సిక్స్‌ప్యాక్ అని పేరు పెట్టి తెచ్చారు. ఫోర్డ్ దగ్గర మరో చిత్రం. 2024లో మస్టాంగ్ పేరు తగిలించుకున్న ఎలక్ట్రిక్ బండి మాక్-ఈ 51 వేలకి పైగా అమ్ముడైతే అసలు మస్టాంగ్ 44 వేల దగ్గర ఉంది.

కొనాలని నిర్ణయించుకున్నాను. ఏది?

ఇంట్లో ఇదొక్కటే కారు, పిల్లల సీటు పెట్టాలి అంటే ఛాలెంజర్ ఆర్/టీ లేదా 6.4 లీటర్ల స్కాట్ ప్యాక్. కొత్తదే కావాలి, వారంటీ కావాలి అంటే మస్టాంగ్ జీటీ, ఆరు గేర్ల మాన్యువల్‌తో ఇంకా దొరుకుతోంది. ఇంట్లో వేరే కారు ఉండి, ఇది వారాంతాల్లో కొండదారుల్లో నడపడానికే అయితే 2016 తర్వాతి కమారో ఎస్ఎస్ వెతకండి, వీలైతే 1ఎల్ఈ. తయారీ ఆగిపోయింది కాబట్టి ఇన్సూరెన్స్ కోట్‌తో పాటు స్పేర్ పార్టులు మీ ఊరి డీలర్ దగ్గర ఎన్ని రోజుల్లో వస్తాయో కూడా కనుక్కోండి.